తమ్ముడు 80వ లెవెల్‌లో, నేను 12వ లెవెల్‌లో

హనుమకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. వయసు 38. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాస్తారు. ఇంట్లో భర్త, ఏడో తరగతి చదివే కొడుకు, తల్లి ఉన్నారు. తండ్రి పోయి రెండేళ్లయింది. ఒక్కడే తమ్ముడు, డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఉత్తరం పెద్దది కనుక ముఖ్యమైన భాగాలు ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

“నాన్న పోయాక కాజీపేటలోని ఇంటి స్థలం విషయంలో నాకూ తమ్ముడికీ మాటా మాటా పెరిగింది. అది అమ్మి చదువు అప్పు తీర్చుకుందామని వాడు, నాన్న కష్టపడి కొన్న జాగా అప్పుడే అమ్మొద్దని నేను. అప్పటి నుంచి ఫోన్ చేస్తే ‘తిన్నావా, అమ్మ మందులు వేసుకుంటోందా’ తప్ప మూడో మాట లేదు. దసరాకు ముందు వాడే మెసేజ్ పెట్టాడు. ‘అక్కా, సాయంత్రాలు నేను గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ ఆట ఆడుతుంటాను. నువ్వూ రా. ఆడుకుంటూ మాట్లాడుకుందాం’ అని. ఆ పిలుపు చూసి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మా అబ్బాయి చదువుకని కొన్న ల్యాప్‌టాప్‌లో ఆట వేయించుకున్నాను.

వేషం బాగుందని ఎలిమెంటలిస్ట్ అనే మంత్రగత్తెను ఎంచుకున్నాను. తమ్ముడూ, వాడి స్నేహితులు నలుగురూ వచ్చారు. అందరిదీ 80వ లెవెల్, ఆ ఆటలో ఆఖరి మెట్టు. నాది 12. వాళ్లు రెక్కల జంతువుల మీద ఎగిరిపోతుంటే నేను వెనకాల పరుగెత్తేదాన్ని. వాళ్లు తిరిగే చోట్లకే నన్నూ తీసుకెళ్లారు. అక్కడ ఏది తాకినా ఒక్క దెబ్బకే పడిపోయేదాన్ని. తమ్ముడు వచ్చి లేపడం, లేవగానే మళ్లీ పడిపోవడం. ఒకరోజు వాళ్లలో ఒకతను ‘వదిలెయ్, టైమ్ దండగ’ అని చాట్‌లో రాశాడు. తమ్ముడు ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ మూసేశాను. తర్వాత ఒంటరిగా ఒకసారి వెళ్లాను కానీ, ఎవరో కొడుతున్న జంతువును నేనూ కొడితే వాళ్ల సొమ్ము కాజేసినట్టవుతుందేమోనని పక్కన నిలబడి వచ్చేశాను.

ఇంటర్నెట్‌లో ఒకతను 80వ లెవెల్ అకౌంట్ 6,500 రూపాయలకు అమ్ముతానంటున్నాడు. అది కొంటే తమ్ముడి పక్కన తలెత్తుకొని నిలబడవచ్చు కదా అనిపిస్తోంది. మావారి చిన్నాన్న కొడుకు ఆన్‌లైన్ రమ్మీలో లక్షలు పోగొట్టుకున్నాడు. ఇదీ అలాంటిదేనని మావారి భయం. రాత్రి ఒంటిగంట దాకా మేలుకున్నానని కోపం కూడా. ఆటలోకి వెళితే స్థలం అమ్మకానికి ఒప్పుకున్నట్టే అని తమ్ముడు అనుకుంటాడేమోనని నాకు మరో భయం. నా వయసుకు ఇది తగని పనా? అకౌంట్ కొనమంటారా? మొదలుపెట్టాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?”

అమ్మా, ముందుగా వయసు సంగతి తీసి పక్కన పెట్టండి. మీరు పడిపోయింది వయసు వల్ల కాదు. పన్నెండో లెవెల్ పాత్రను 80వ లెవెల్ ప్రాంతానికి తీసుకెళితే, ఆ పాత్ర వెనక కూర్చున్నది ఇరవై ఏళ్ల కుర్రాడైనా ఒక్క దెబ్బకే పడిపోతాడు. అక్కడి శత్రువుల బలం ముందు మీ పాత్రకున్న ప్రాణం ఏ మూలకూ రాదు. దానికి తోడు మీరు ఎంచుకున్నది కొత్తవారికి చాలా కష్టమైన పాత్ర. ఎలిమెంటలిస్ట్‌కు ఒంటిమీద ఉండేది పలుచని బట్ట, ప్రాణం అతి తక్కువగా ఉండే పాత్రల్లో అదొకటి. నిప్పు, నీరు, గాలి, మట్టి అనే నాలుగు శక్తుల మధ్య క్షణక్షణం మారుతూ పోరాడాలి. ఏళ్ల తరబడి ఆడినవారు కూడా దానితో తడబడుతుంటారు. మీకు ఎవరూ ఈ మాట చెప్పకపోవడమే అసలు లోపం.

ఈ ఆట నాకు తెలిసినదే కనుక మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు బాధ కలిగింది. కొత్తవారిపట్ల ఇంత దయగా అల్లిన ఆటలు తక్కువ. ఆ దయ మీదాకా రాకుండా ఐదుగురు కలిసి అడ్డు నిలిచారు. అందులో మీ తమ్ముడూ ఉన్నాడు. అతను కావాలని చేయలేదు. అక్కకు తన ప్రపంచంలోని గొప్ప చోట్లన్నీ ఒక్కసారే చూపించాలన్న ఆత్రం అతనిది. కానీ స్నేహితుడు ఆ మాట రాసినప్పుడు అతను ఊరుకోవడం తప్పే. అది మీరు అతనికి చెప్పాలి. ఎలా చెప్పవచ్చో తర్వాత రాస్తాను.

మీ ఉత్తరంలో మూడు చిక్కులు ఒకదానిలో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆట ఒకటి, ఇంట్లో అభ్యంతరం ఒకటి, స్థలం ఒకటి. ఒకదాని కోపం ఇంకొకదాని మీద చూపిస్తున్నారు, మీరూ, మీ వారూ, తమ్ముడూ కూడా.

అకౌంట్ కొనే ఆలోచనతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో తొందరపడితే డబ్బు పోతుంది. అకౌంట్ల అమ్మకం, కొనుగోలు ఆ ఆట నిబంధనలకు విరుద్ధం. కంపెనీకి తెలిస్తే అకౌంట్‌ను శాశ్వతంగా మూసేస్తుంది. తెలియకపోయినా మీకు నిద్ర ఉండదు. దాన్ని మొదట తెరిచినవాడు ‘నా అకౌంట్ పోయింది’ అని కంపెనీకి మొరపెట్టుకొని తిరిగి లాక్కునే అవకాశం ఉంది. మీ 6,500 రూపాయలకు రసీదు ఉండదు, అడిగే హక్కూ ఉండదు. ఇప్పటికే అడ్వాన్సు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. పంపకపోతే అతని నంబరు బ్లాక్ చేయండి. ఒకవేళ అంతా సవ్యంగా జరిగిందే అనుకుందాం. మీ చేతికి వచ్చేది తెర నిండా మీటలున్న పాత్ర. ఏ మీట ఎందుకో మీకు తెలియదు. తమ్ముడి పక్కన నిలబడతారు సరే, మొదటి పోరాటంలోనే విషయం అందరికీ అర్థమైపోతుంది. ఇప్పుడు ‘కొత్త’ అన్నవాళ్లు అప్పుడు ‘కొనుక్కొచ్చింది’ అంటారు.

న్యాయమైన దారి కూడా ఒకటి ఉంది, దాచడం ఎందుకు. ఆట విస్తరణలు, అంటే తర్వాత వచ్చిన అదనపు భాగాలు, డబ్బు పెట్టి కొన్నవారికి, ఒక పాత్రను నేరుగా 80వ లెవెల్‌కు ఎత్తే అవకాశం కంపెనీయే ఇస్తుంది. అది తప్పు కాదు. అయినా ఇప్పుడే దాని జోలికి వెళ్లవద్దని నా సలహా. పైన చెప్పిన ఇబ్బందే దానిలోనూ ఉంది.

ఇక్కడ మీకు ఊరటనిచ్చే విషయం ఒకటి చెబుతాను. గిల్డ్ వార్స్ 2 వచ్చింది 2012 ఆగస్టులో. అప్పుడు అత్యున్నత లెవెల్ 80. ఎన్నో విస్తరణలు వచ్చాయి, ఇప్పటికీ అది 80 దగ్గరే ఉంది. ఇలాంటి ఆటలు చాలా వాటిలో ప్రతి విస్తరణకూ లెవెల్ పెరుగుతుంది, వెనకబడినవారు ఎప్పటికీ వెనకే ఉంటారు. ఇందులో అలా కాదు. మీ తమ్ముడు ఎంత ఆడినా 81కి వెళ్లడు. మీరు మూడు నెలలకు చేరుకున్నా, మూడేళ్లకు చేరుకున్నా అదే 80 దగ్గర ఉంటాడు. మీరు పరుగు పందెంలో ఉన్నాననుకుంటున్నారు, ఇక్కడ పందెమే లేదు.

ఇంకో ఏర్పాటు మీ సమస్యకు సరిగ్గా సరిపోతుంది. పెద్ద లెవెల్ వాళ్లు చిన్న లెవెల్ ప్రాంతానికి వస్తే, ఆట వాళ్ల బలాన్ని ఆ ప్రాంతానికి తగ్గట్టు దించేస్తుంది. 80వ లెవెల్ తమ్ముడు ఆటలో మీరున్న ప్రాంతానికి వస్తే దాదాపు మీ లెవెల్‌కే వస్తాడు. కొంత బలం ఎక్కువే ఉంటుంది, అయినా అతనూ పోరాడాలి, అతనికీ ప్రతిఫలం దక్కుతుంది. మీరు పైకి వెళ్లినప్పుడు మాత్రం ఆట మిమ్మల్ని అలా ఎత్తదు. కాబట్టి కలిసి ఆడాలంటే దిగి రావాల్సింది తమ్ముడే. అతను వస్తే నష్టపోయేదేమీ లేదు. ఇది మీరు మొహమాటం లేకుండా అడగవచ్చు.

ఇక మొదలుపెట్టడం. ఉచిత అకౌంట్‌లో రెండు పాత్రలకు చోటుంటుంది. కాబట్టి మీ మంత్రగత్తెను తీసేయకండి, చేయి తిరిగాక ఆమె దగ్గరకు మళ్లీ వెళ్లవచ్చు. రెండో చోట్లో మనిషి జాతి పాత్రను తయారు చేసుకోండి. వృత్తిగా రేంజర్‌నో నెక్రోమాన్సర్‌నో తీసుకోండి. రేంజర్‌కు వెంట ఒక పెంపుడు జంతువు ఉంటుంది. అది ముందుకెళ్లి దెబ్బలు కాస్తుంటే మీరు దూరం నుంచి బాణాలు వేయవచ్చు. నెక్రోమాన్సర్ అయితే తన చుట్టూ చిన్న చిన్న సేవకులను పుట్టించుకుంటుంది, ప్రాణం తగ్గినప్పుడు నీడరూపంలోకి మారితే రెండో ప్రాణం ఉన్నట్టే. హనుమకొండ నుంచి తమ్ముడు ఆడే యూరప్ సర్వర్‌కు దూరం ఎక్కువ కనుక మీట నొక్కాక పని జరగడానికి రెప్పపాటు ఆలస్యం అవుతుంది. దూరం నుంచి కొట్టే పాత్రలకు ఆ ఆలస్యం అంతగా తెలియదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడుతుంటే మాత్రం మానేసి, ఇంటి ఇంటర్నెట్ వాడండి.

మనిషి జాతి పాత్ర మొదలయ్యే ప్రాంతం క్వీన్స్‌డేల్. షేమూర్ అనే పల్లె మీద దాడి జరుగుతుంటే కాపాడటంతో కథ మొదలవుతుంది. ఆ గొడవ ముగిశాక, ఎవరూ తొందరపెట్టని పొలాల్లోకి వస్తారు. మ్యాప్‌లో హృదయం ఆకారంలో గుర్తులు కనిపిస్తాయి. ఒక్కో గుర్తు దగ్గర ఒకరికి సాయం కావాలి. మొదటివాటిలో డయా అనే రైతు పొలం ఒకటి. అక్కడ మీరు చేయాల్సినవి మక్కజొన్నకు నీళ్లు పోయడం, పశువులకు మేత వేయడం, నేలలోంచి పురుగులు లేచే పుట్టలను తొక్కేయడం. ఏ పని చేసినా ఆ హృదయం కొంచెం నిండుతుంది. మూడూ చేయాలని లేదు. పురుగులంటే ఇష్టం లేకపోతే నీళ్లే పోయండి, అలాగే పూర్తవుతుంది. కత్తి ఎత్తకుండానే ఆటలో ముందుకెళ్లే దారి ఉందని మీకు చూపించడానికే ఇంత వివరంగా చెబుతున్నాను.

గుర్తుంచుకోవాల్సిన మీటలు కొన్నే. 1 కొట్టడానికి, 6 గాయం మాన్పుకోవడానికి, వీ దొర్లి తప్పుకోవడానికి, ఎఫ్ మాట్లాడటానికి, పడినవారిని లేపడానికి. నేల మీద ఎర్రని వలయం కనిపిస్తే దెబ్బ అక్కడ పడబోతోందని అర్థం, అందులోంచి బయటకు రండి. ప్రాణం అయిపోయినా వెంటనే ఓడిపోరు. మోకాళ్ల మీద ఉండి పోరాడవచ్చు, ఆ సమయంలో ఒక శత్రువును పడగొడితే లేచి నిలబడతారు. దారిన పోయేవారు ఎవరైనా మిమ్మల్ని లేపవచ్చు, మీరూ ఎవరినైనా లేపవచ్చు. అపరిచితులు ఆగి లేపి, మాట్లాడకుండా వెళ్లిపోవడం ఈ ఆటలో రోజూ జరిగేదే.

మీరు పక్కన నిలబడిపోయిన సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఈ ఆటలో ఒక జంతువును పదిమంది కొడితే పదిమందికీ ఎవరి వాటా వారికి విడిగా వస్తుంది. చెట్టు నరికినా, ఖనిజం తవ్వినా అంతే, ఒకరు తీసుకున్నది మరొకరికి తగ్గదు. మీరు కొడితే అవతలి వ్యక్తికి సాయమే. కాబట్టి ఈసారి ధైర్యంగా వెళ్లి కలవండి. పదిహేనో లెవెల్ దగ్గరికి వచ్చాక క్వీన్స్‌డేల్ చిత్తడి నేలలో షాడో బెహమత్ అనే పెద్ద రాక్షసి లేచే సమయానికి అక్కడికి చేరండి. రెండు గంటలకోసారి వస్తుంది. కొత్తవారూ పాతవారూ పదుల సంఖ్యలో గుమిగూడతారు. అంత గుంపులో ఎవరు పడ్డారో ఎవరు లేచారో లెక్కపెట్టేవారు ఉండరు, మీకు అది హాయిగా ఉంటుంది.

మీ ఉద్యోగాన్ని బట్టి ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. ఈ ఆటలో ట్రేడింగ్ పోస్ట్ అనే అంగడి ఉంది. అమ్మేవారు ధర పెడతారు, కొనేవారు తమ ధర పెడతారు, మధ్యలో తేడా రోజూ మారుతుంటుంది. సరుకు అమ్మకానికి పెట్టేటప్పుడు 5 శాతం, అమ్ముడుపోయాక 10 శాతం కోత పడుతుంది. ఆ 15 శాతం లెక్కలో తీసుకోకుండా లాభం వచ్చిందనుకొని నష్టపోయే కుర్రాళ్లు ఎందరో. అడ్తి కమీషన్, హమాలీ, తరుగు రోజూ లెక్కగట్టే మీరు అక్కడ తమ్ముడికే పాఠం చెప్పగలరు. ఉచిత అకౌంట్‌కు ఈ అంగడిలో కొన్ని వస్తువులే అందుబాటులో ఉంటాయి, అందుకే ఇది మొదటి రోజు పని కాదు.

పైగా ఇలాంటి ఆటల్లోకి అందరూ ఒకే కోరికతో రారు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మడ్ అనే ఆట వీటన్నిటికీ పూర్వీకురాలు. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. దాన్ని తయారు చేసిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ బార్ట్‌ల్ 1996లో ఆటగాళ్లను నాలుగు రకాలుగా చెప్పారు. సాధించడానికి వచ్చేవారు, ఊళ్లు చూడటానికి వచ్చేవారు, మనుషుల కోసం వచ్చేవారు, ఇతరులను ఓడించడానికి వచ్చేవారు. మీ తమ్ముడి స్నేహితులు మొదటి రకం అనిపిస్తోంది. మీరు నిస్సందేహంగా మూడో రకం. ఒకే బాటలో నడుస్తున్నా గమ్యాలు వేరు కనుక ఆ గుంపులో మీకు ఊపిరాడలేదు. ఆ ఐదుగురితో మీరు ఆడాల్సిన అవసరం ఉందా? తమ్ముడొక్కడితో ఆడితే చాలదా?

మీ ముందున్న దారులు ఇవీ. కొన్ని వారాలు ఒంటరిగా క్వీన్స్‌డేల్‌లో తిరిగి, చేయి తిరిగాక తమ్ముడిని పిలవడం ఒకటి. దీనివల్ల అతని ముందు చిన్నబోయే భయం పోతుంది. కానీ మీరు వెళ్లింది అతనితో మాట్లాడటానికి. ఆ మాట మరో రెండు నెలలు వెనక్కి పోతుంది, ఈలోగా అక్కకు ఇష్టం లేదని అతను అనుకోవచ్చు. రెండోది, తమ్ముడినే కొత్త పాత్రతో మొదటి లెవెల్ నుంచి మీతో రమ్మనడం. నాకు ఇదే నచ్చింది. ఇద్దరూ ఒకే చోట, ఒకే లెవెల్‌లో ఉండటానికి వీలుంటుంది. అయితే అతనికి పాతదారి మళ్లీ నడవడం విసుగనిపించవచ్చు. ఒప్పుకున్నా నాలుగు వారాలకు సడలిపోవచ్చు. అప్పుడు మీరు నొచ్చుకోకుండా పాత పాత్రతోనే రమ్మనండి, ఎగిరే జంతువు ఎక్కకుండా నడిచి రమ్మనండి. మూడోది ఆట మానేయడం. ఆ బొమ్మలు, మీటలు మీకు నిజంగానే నచ్చలేదనుకోండి, తమ్ముడి కోసం బలవంతంగా ఆడవద్దు. ‘ఆట నావల్ల కావడం లేదు, వారానికొకసారి వీడియోలో మాట్లాడుకుందాం’ అని చెప్పండి. దానిలో ఓటమి లేదు. కానీ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు రాని మాట, చేతులకు పని ఉన్నప్పుడు వస్తుంది. అందుకే అతను ఆటకు పిలిచాడని నా నమ్మకం. దాన్ని వదులుకునే ముందు సరైన చోట ఒక్కసారి ఆడి చూడండి.

మీ వారి భయాన్ని కొట్టిపారేయకండి. ఇంట్లో ఒకరు రమ్మీలో మునిగిపోవడం చూసినవారు తెర మీద ఏ ఆట కనిపించినా ఉలిక్కిపడతారు. ఆయన పక్కన కూర్చొని తేడా చూపించండి. రమ్మీలో డబ్బు పందెం కాస్తారు. తెలంగాణలో 2017లోనే చట్టం మార్చి దాన్ని నిషేధించారు, 2025 ఆగస్టులో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చింది. గిల్డ్ వార్స్ 2లో పందెం లేదు, గెలిచి ఇంటికి తెచ్చుకునే డబ్బూ లేదు. మూల ఆట 2015 నుంచి ఉచితం, నెలవారీ చందా లేదు. అయితే ఆయన అనుమానానికి తావిచ్చే మూల ఒకటి ఉంది. ఆటలో అసలు డబ్బుతో జెమ్స్ అనే ఆట నాణేలు కొనే దుకాణం ఉంది. వాటితో తాళంచెవులు కొని బ్లాక్ లయన్ పెట్టెలు తెరిస్తే లోపల ఏం వస్తుందో అదృష్టం. ఆ పెట్టెల జోలికి వెళ్లనని ఆయనకు మాటివ్వండి, అకౌంట్‌కు కార్డు నంబరు జతచేయకండి. వాటితో పని లేకుండా ఆట మొత్తం ఆడవచ్చు.

నిద్ర విషయంలో మాత్రం నేను మీ వారి వైపే. అక్టోబరు చివరి ఆదివారం డబ్లిన్‌లో గడియారం గంట వెనక్కి జరిగింది. అతనికి సాయంత్రం ఆరు అంటే అంతకుముందు మనకు రాత్రి పదిన్నర, ఇప్పుడు పదకొండున్నర. పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లాల్సిన మనిషికి అది తగిన వేళ కాదు. శని, ఆదివారాల్లో మన మధ్యాహ్నం మూడు అతనికి ఉదయం తొమ్మిదిన్నర. ఇద్దరూ మెలకువగా ఉండే సమయం. గంటన్నర చాలు. అమ్మగారు ఆ వేళకు మేలుకొని ఉంటారు. తమ్ముడికి ముందే చెప్పి, హెడ్‌ఫోన్ తీసి స్పీకర్ పెట్టండి, కొడుకు గొంతు ఆమె కూడా వింటారు. చెప్పకుండా మాత్రం పెట్టకండి.

వ్యసనం మాట కూడా ఆయన అనవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో దాన్ని గుర్తించింది నిజమే. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇవి దాని లక్షణాలు. ఒక్క మాటకు నొచ్చుకొని మూసేసి, ఆ తర్వాత ఒక్కసారి మాత్రమే వెళ్లి వచ్చేసిన మీకు ఆ భయం ఇప్పుడు లేదు.

అపరిచితులకు మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా వెకిలిగా మాట్లాడితే జవాబివ్వకుండా బ్లాక్ చేయండి. అకౌంట్‌కు రెండంచెల భద్రత, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకోండి. అబ్బాయి ఆ ల్యాప్‌టాప్ మీదే చదువుకుంటాడు కనుక అతని చదువు వేళలకు అడ్డు రాకుండా చూసుకోండి.

స్థలం గురించి. మీ నాన్నగారు వీలునామా రాయకుండా పోయి, అది ఆయన స్వార్జితం అయి, నానమ్మగారు అప్పటికే లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, తమ్ముడికి సమాన వాటాలు వస్తాయి. స్థలం మొత్తం అమ్మాలంటే ముగ్గురి మాటా కావాలి. ఆటలోకి వెళ్లినంత మాత్రాన మీరు దేనికీ ఒప్పుకున్నట్టు కాదు, సంతకం మీ చేతిలోనే ఉంది. కానీ మీ ఉత్తరంలో అమ్మగారి అభిప్రాయం ఒక్క వాక్యమైనా లేదు. మీరిద్దరూ ఆమెను అడిగారా? అప్పు వడ్డీ అతన్ని ఎంత నలుపుతోందో మీకు తెలుసా? నెలకు కట్టేది ఎంత అని అడిగితే, మీలాంటి పద్దుల మనిషికి ఇంకేదైనా దారి తోచవచ్చు. ఆ మాటలు ఫోన్‌లో, అమ్మగారు ఎదురుగా ఉండగా జరగాలి. ఆట మధ్యలో ఎవరు ఎత్తినా ‘అది తర్వాత’ అని ఇద్దరూ ముందే అనుకోండి. లేకపోతే అతను ఆటకు పిలిచినప్పుడల్లా మీకు సంతకమే గుర్తొస్తుంది.

తమ్ముడికి ఇలా రాయవచ్చు, మీకు నచ్చినట్టు మార్చుకోండి: “తమ్ముడూ, నువ్వు ఆటకు పిలిచినందుకు చాలా సంతోషించాను. ఆ రోజు నీ స్నేహితుడి మాటకు నొచ్చుకున్నాను, నువ్వు ఊరుకున్నందుకు ఇంకా నొచ్చుకున్నాను. అందుకే రావడం మానేశాను. ఆదివారం మన మూడు గంటలకు, నీకు తొమ్మిదిన్నరకు, నువ్వొక్కడివే క్వీన్స్‌డేల్‌కు రా. కొత్త పాత్రతో వస్తే మరీ మంచిది. స్థలం సంగతి వేరే రోజు అమ్మతో కలిసి మాట్లాడుకుందాం.” అతను వెంటనే జవాబివ్వకపోతే ఒక వారం ఆగండి. సిగ్గుపడి ఆగే తమ్ముళ్లే ఎక్కువ. స్నేహితులను కూడా తెస్తానంటే, మొదటి నెల వద్దని స్పష్టంగా చెప్పండి. కుదరదంటే మూడో దారి ఎలాగూ ఉంది.

ఆ మెసేజ్ పంపాకే కొత్త పాత్ర తయారు చేయండి. మిర్చి సీజన్ మొదలైతే మీకు ఆదివారాలు కూడా తీరిక ఉండకపోవచ్చు, ఆ సంగతి తమ్ముడికి ఇప్పుడే చెప్పి ఉంచండి. చందా లేని ఆట కనుక రెండు నెలలు ఆపినా పాత్ర, సరంజామా ఎక్కడివక్కడే ఉంటాయి. మార్చి చివరి ఆదివారం డబ్లిన్‌లో గడియారం మళ్లీ ముందుకు జరుగుతుంది. అప్పటి నుంచి మన మూడు గంటలంటే అతనికి పదిన్నర.